‘ఎంత రాయమంటారు సార్?’

నల్గొండ జిల్లాలో ఎవరైనా బోరు వేశారంటే, నీళ్లు ఎన్ని ఇంచులు పడ్డాయని అడిగాక వచ్చే రెండో ప్రశ్న ఫ్లోరైడ్ గురించే. మర్రిగూడ, నాంపల్లి వైపు వంగిపోయిన కాళ్లను, గారపళ్లను చూసి చూసి జిల్లాకు అబ్బిన జాగ్రత్త అది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరావని ఇక్కడ కొత్తగా చెప్పక్కర్లేదు. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతిని వేరే దేశాల్లో కూడా ‘నల్గొండ టెక్నిక్’ అనే అంటారు.

అలాంటి జిల్లాలో ముప్పై, నలభై లక్షలు పెట్టి ఇల్లు కట్టుకునేవాళ్లు మాత్రం ఇసుక, మట్టి, కాంక్రీటు టెస్టుల మాట వచ్చేసరికి మేస్త్రీ ముఖం చూస్తారు. ఖర్చుకు వెనకాడి కాదు. గృహప్రవేశం భోజనాల బిల్లులో ఇది ఒక మూలకు రాదు. టెస్టు అంటే బిల్లుకో, లోనుకో జతచేసే కాగితం అన్న అభిప్రాయం అందరిలో గట్టిపడిపోయింది. అది ఊరికే గట్టిపడలేదు కూడా.

నా ఇంటి సంగతే చెబుతాను. వెయ్యి చదరపు అడుగుల స్లాబు, 5 అంగుళాల మందం, అంటే దాదాపు 12 ఘనపు మీటర్ల కాంక్రీటు. కాంక్రీటు పనులకు దేశమంతా పాటించే కోడ్ ఐఎస్ 456 ప్రకారం 6 నుంచి 15 ఘనపు మీటర్ల దాకా 2 శాంపిళ్లు, ఒక్కో శాంపిల్‌కు 3 క్యూబులు, అంటే అదే కాంక్రీటును అచ్చులో పోసి చేసిన ఘనాకారపు ముక్కలు, తీయాలి. అలా ఆరు తీయించి నీళ్ల డ్రమ్ములో వేశాను. ఐదో రోజు అందులో మూడింటిని ఆటోలో వేసుకుని ఒక ప్రైవేటు ల్యాబుకు వెళ్లి, 28 రోజులయ్యాక టెస్టు చేసి పెట్టమన్నాను. కౌంటర్‌లో ఉన్న అబ్బాయి కంప్యూటర్ మీద నుంచి చూపు కూడా తిప్పలేదు. “28 రోజులు ఎందుకు సార్, రిపోర్టు ఇప్పుడే ఇచ్చేస్తాం. ఎంత రాయమంటారు?” అన్నాడు. క్యూబులు ఇంకా ఆటోలోనే ఉన్నాయి.

ఆ అబ్బాయిని తిట్టి లాభం లేదు. అతని దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది అడిగేది అదే. కావలసింది రిపోర్టు, అదీ సాయంత్రంలోగా. ముక్క పగిలిందా లేదా అనేది మధ్యలో వచ్చే తలనొప్పి.

ఆ ముక్క ఏం చేస్తుందో ఒకసారి దగ్గరగా చూడాలి. 150 మిల్లీమీటర్ల ఘనం, బరువు 8 కిలోల పైన. ఎం20 కాంక్రీటు అయితే అది చదరపు మిల్లీమీటరుకు 20 న్యూటన్లు తట్టుకోవాలి. లెక్క కడితే ఆ ఒక్క ముక్క మీద దాదాపు 46 టన్నులు పెట్టినా నిలబడాలి. మెషిన్‌లో పెట్టి లోడు పెంచుతూ పోతుంటే ముందు సన్నగా చిటపటలు వినిపిస్తాయి, తర్వాత పక్కలు పెచ్చులూడతాయి, చివరికి డమరుకం ఆకారంలో మధ్యభాగం మిగులుతుంది. ఆ మెషిన్‌కు గ్రేడుతో పనిలేదు, కాంట్రాక్టరు ఎవరో తెలియదు. అయితే దానికి ఒక పరిమితి ఉంది. తన దగ్గరికి వచ్చిన ముక్క గురించి మాత్రమే అది చెప్పగలదు. స్లాబులో పడ్డ మాలు వేరు, క్యూబులో పడ్డ మాలు వేరు అయితే మెషిన్ నిజమే చెబుతుంది, మనం మాత్రం మోసపోతాం. క్యూబు కోసం పక్కన విడిగా ఒక తట్ట చిక్కగా కలిపి, పెళ్లిచూపులకు ముస్తాబు చేసినట్టు తయారు చేయడం సైట్లలో కొత్తేమీ కాదు. అందుకే ల్యాబుకు ఎంత పెద్ద సర్టిఫికెట్ ఉందన్నది నాకు రెండో విషయం. ఆ శాంపిల్ ఎవరు తీశారు, ఎవరి కళ్లముందు తీశారన్నది మొదటిది. రిపోర్టు బాగుంటేనే డబ్బు వచ్చే మనిషి చేతికి శాంపిల్ తీసే పని అప్పగిస్తే, ఆ తర్వాత ఎన్ని నిబంధనలు రాసినా దండగే.

ఇంకో చిక్కు కూడా ఉంది. 28 రోజులకు ఫలితం వచ్చేసరికి స్లాబు మీద గోడలు లేస్తుంటాయి. ఫలితం తక్కువ వచ్చిందని ఎవరు పగలగొడతారు? నిజంగా పని ఆపగలిగేది మాలు కలిపే మిల్లర్ తిరుగుతున్నప్పుడు చేసే స్లంప్ టెస్టే. ల్యాబు డిజైన్ లేకుండా కోడ్‌లోని పాళ్లతో కలిపే ఎం20 నామినల్ మిక్స్‌లో బస్తా సిమెంటుకు 30 లీటర్లకు మించి నీళ్లు పోయొద్దని కోడ్ చెబుతుంది. సైటులో నీళ్ల పైపు చేతిలో ఉన్నవాడికి బస్తా లెక్క లేదు. మా మేస్త్రీని అడిగితే, “గట్టిగ కలిపితె ఆడోళ్లు తట్టలెట్ల మోస్తరు సారూ, సలాకల సందులకు ఎట్ల దిగుతది?” అన్నాడు. అతను చెప్పిందాంట్లో న్యాయం లేకపోలేదు. పని గుత్తకు తీసుకున్నవాడికి పల్చటి మాలు అంటే తొందరగా అయిపోయే రోజు. వైబ్రేటర్ సరిగా వాడితే ఆ పల్చదనం అక్కర్లేదు. కానీ వైబ్రేటర్ అద్దె ఎవరు కడతారన్న దగ్గర మాట ఆగిపోతుంది. స్లంప్ కోన్ అంటే 30 సెంటీమీటర్ల ఎత్తున్న రేకు అచ్చు, అంతే. మాలు నింపి, అచ్చు పైకి లాగి, కుప్ప ఎంత కుంగిందో స్కేలుతో కొలవడమే. రెండు, మూడు నిమిషాల పని. తేడా ఉంటే ఆ మిల్లర్‌ను అక్కడే ఆపొచ్చు.

ఇసుకదీ అదే కథ. దుందుభి అన్నా, మూసీ అన్నా, కృష్ణ ఒడ్డు అన్నా ట్రాక్టరు వచ్చేది రాత్రిపూట. పొద్దున చూస్తే సగం ఒండ్రు. గాజు సీసాలో సగం దాకా ఇసుక వేసి, ఉప్పు కలిపిన నీళ్లు పోసి, గట్టిగా కుదిపి మూడు గంటలు కదపకుండా పెడితే ఇసుక మీద మట్టి పొర విడిగా కనిపిస్తుంది. ఇసుక మందంలో అది 8 శాతం దాటితే కడగాలి, లేదా ట్రాక్టరును వెనక్కి పంపాలి. రాయిని పిండి చేసి తయారు చేసే రోబో సాండ్ అయితే ఈ సీసా లెక్క సరిపోదు. అందులో సన్నటి పొడి ఎక్కువే ఉంటుంది, కోడ్ కూడా దానికి 15 శాతం దాకా ఒప్పుకుంటుంది. క్రషర్ డస్టునే రోబో సాండ్ అని అమ్మేవాళ్ల సంగతి వేరే చెప్పాలి.

మట్టి దగ్గరికి వస్తే మనవాళ్లకు తెలియంది లేదు. దేశంలో ఎక్కడ డ్యాం కట్టినా మట్టి మోసింది పాలమూరు లేబరే అని చెప్పుకుంటాం. రైతు దున్నే ముందు గుప్పెడు మట్టి పిసికి పదును చూస్తాడు. ఎండినా లాభం లేదు, బురదైనా లాభం లేదు. రోడ్డు, కట్ట వేసేటప్పుడు ఇంజినీర్లు వెతికేది కూడా ఆ పదునే. ఎంత తేమ దగ్గర రోలరు తిప్పితే మట్టి బాగా అదుముకుంటుందో తేల్చే ప్రాక్టర్ టెస్టు 1933 నుంచి ఉంది. ల్యాబులో వచ్చిన గరిష్ఠ సాంద్రతలో హైవే సబ్‌గ్రేడ్‌కు, అంటే రోడ్డు పొరల కింద ఉండే మట్టికి, కనీసం 97 శాతం రావాలి. మట్టి శాంపిల్ తీసే ఉక్కు గొట్టం, కోర్ కట్టర్, మన మొరంలో దిగదు, గులకరాళ్లు అడ్డం వస్తాయి. గుంట తీసి, తీసిన మొరాన్ని తూచి, ఆ గుంటలో సాంద్రత ముందే తెలిసిన ఇసుక పోసి కొలుస్తారు. ఎండలో ఓపికగా చేయాల్సిన పని. ఓపిక లేనిచోట నిన్నటి గుంట లెక్కే ఈరోజు రిజిస్టర్‌లోకి ఎక్కుతుంది.

దేవరకొండ, అచ్చంపేట వైపు ఎర్ర చెలకల్లో నాలుగైదు అడుగులకే గట్టి మొరం తగిలితే, ఒక అంతస్తు ఇంటికి గడ్డపార చెప్పే తీర్పు చాలు. దానికి బోర్ హోల్ రిపోర్టు అడగడం అతి అంటాను. అలంపూర్, మక్తల్ వైపు నల్లరేగడిలో మాత్రం ఆ ధైర్యం పనికిరాదు. దానికి కూడా తేలికైన టెస్టు ఉంది. ఎండబెట్టి జల్లెడ పట్టిన మట్టిని రెండు కొలత జాడీల్లో 10 గ్రాముల చొప్పున వేస్తారు. ఒకదాంట్లో నీళ్లు, ఇంకోదాంట్లో కిరోసిన్ పోస్తారు. కిరోసిన్‌లో రేగడి ఉబ్బదు, నీళ్లలో ఉబ్బుతుంది. ఒక రోజు ఆగి చూస్తే కిరోసిన్ జాడీలో 10 గీత దగ్గర, నీళ్ల జాడీలో 17 దగ్గర ఉందనుకోండి, 70 శాతం ఉబ్బినట్టు. 50 దాటిన మట్టిని రోడ్డు కట్టకు వాడొద్దని హైవే నిబంధన. అదే మట్టిని బేస్‌మెంట్ నింపడానికి వాడి, రెండేళ్లకు ఫ్లోరింగ్ లేచిందని వాస్తు మార్పించుకున్నవాళ్లు నాకు తెలుసు.

ప్రభుత్వ పనుల్లో నిబంధనలకు కొదవ లేదు. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన రోడ్లకు మూడంచెల తనిఖీ ఉంది. అయినా మనం గట్టిగా పరీక్షించేది కూలాకే. 2019 డిసెంబర్ 31న వనపర్తి జిల్లా సరళాసాగర్ కట్టకు గండి పడ్డాకే చాలామందికి ఆ కట్టలో ఏ మట్టి ఉందన్న ప్రశ్న వచ్చింది. 2023 అక్టోబర్‌లో మేడిగడ్డ బ్యారేజీ పియర్లు, అంటే గేట్ల మధ్య స్తంభాలు, కుంగాక కేంద్ర డ్యాం భద్రతా సంస్థ ఎత్తిచూపిన లోపాల్లో క్వాలిటీ కంట్రోల్ కూడా ఉంది. ఆ క్వాలిటీ రిజిస్టర్లు పనులు జరుగుతున్నప్పుడే ఎవరైనా చూసేలా గోడమీద ఉంటే ఎలా ఉండేదో.

ఇప్పుడు ఊరూరా ఇందిరమ్మ ఇళ్లు లేస్తున్నాయి. 5 లక్షల సాయం విడతల వారీగా వస్తుంది, ఒక్కో దశకు ఫోటో తీసి యాప్‌లో ఎక్కిస్తారు. బేస్‌మెంట్ లేచిందా, స్లాబు పడిందా అనేది ఫోటోలో కనిపిస్తుంది. ఆ స్లాబులో నీళ్లు ఎన్ని పోశారో కనిపించదు. పేదవాడి ఇంటికి ల్యాబు ఖర్చు మోయమనడం అన్యాయం. కానీ నల్గొండలో, మహబూబ్‌నగర్‌లో ప్రభుత్వ పాలిటెక్నిక్‌లు ఉన్నాయి, క్యూబులు పగలగొట్టే మెషిన్లు అక్కడ పిల్లల ప్రాక్టికల్స్ కోసం ఎలాగూ ఉంటాయి. స్లాబు పోసే రోజు ఇద్దరు డిప్లొమా పిల్లలను స్లంప్ కోన్, మూడు అచ్చులు ఇచ్చి ఊరికి పంపిస్తే, బస్ చార్జీలు తప్ప పెద్ద ఖర్చు లేదు. శాంపిల్ తీసేవాళ్లకు బిల్లుతో సంబంధం ఉండదు. ఫలితం గ్రామపంచాయతీ గోడమీద రాయాలి, మేస్త్రీ పేరుతో సహా. మంచి ఫలితం వచ్చిన మేస్త్రీకి పని పెరుగుతుంది. అతనికి వైబ్రేటర్ అద్దె కట్టబుద్ధి అయ్యేది అప్పుడే.

నా డ్రమ్ములో మిగిలిన మూడు క్యూబులను 28వ రోజు తెలిసిన లెక్చరర్ ఒకాయన తమ కాలేజీ ల్యాబులో నా ముందే పగలగొట్టారు. చదరపు మిల్లీమీటరుకు 16.8, 17.5, 18.1 న్యూటన్లు వచ్చాయి. అంతకుముందు ఆ అబ్బాయి ఇచ్చిన రిపోర్టులో 24.6 ఉంది. రెండు కాగితాలూ ఒకే ఫైల్‌లో ఉన్నాయి. బ్యాంకు అడిగితే 24.6 కాగితమే ఇచ్చాను. పైన వేద్దామనుకున్న అంతస్తు మాత్రం ఈరోజుకీ వేయలేదు.