సీడీ వెనకట్ట మీది నిడివి గారికి బహిరంగ లేఖ

అయ్యా నిడివి గారూ,

స్వరకర్త ఫ్రాంజ్ బెర్వాల్డ్ సింఫనీల (పెద్ద వాద్యబృందం వాయించే, పలు భాగాల కృతుల) రికార్డింగులు పోల్చాలని ఎవరు కూర్చున్నా, డిస్కు ప్లేయర్లోకి వెళ్లకముందే తీర్పు మీరే ఇచ్చేస్తున్నారు. “వాద్యబృందాన్ని నడిపిన ఈ కండక్టర్ నలభై సెకన్లు ముందే ముగించాడు, కాబట్టి జోరెక్కువ.” అయిపోయింది రివ్యూ!

సెకన్ల మీద ఇంత పట్టింపున్న మీరు అసలు లెక్క వదిలేశారు. 1845లో ఆ స్వీడిష్ మహానుభావుడు ‘సింఫనీ సాంగ్యులియేర్’ ముగించాడు. జనం చెవిన పడింది 1905లో, స్టాక్‌హోమ్‌లో, టోర్ ఔలిన్ నడిపించగా. అరవై ఏళ్లు! నాలుగు సింఫనీల్లో ఆయన బతికుండగా వాయించింది ‘సెరియూజ్’ ఒక్కటే. పొట్ట గడవడానికి అంతకుముందు బెర్లిన్‌లో ఎముకల చికిత్సాలయం, తర్వాత సాండోలో గాజు కార్ఖానా చూసుకున్నాడు. ఈ నిడివిని ఏ అట్ట మీదా వేయరేం?

సరే, మీ లెక్కకే వద్దాం. సాంగ్యులియేర్ రెండో భాగం అడాజియోతో (నెమ్మది నడక) మొదలై, నడుమ స్కెర్జోను (చురుకైన నడక) మింగి, మళ్లీ అడాజియోలోకి వస్తుంది. మొత్తానికి కలిపి ఒకే అంకె వేస్తే ఏం తెలుస్తుంది? అడాజియో సాగదీసి స్కెర్జో పరుగెత్తించినవాడూ, దాన్ని తిరగేసి చేసినవాడూ మీ దగ్గర సరిసమానం. వినాల్సింది ఆ రెంటి అతుకు దగ్గర. అడాజియో సద్దుమణిగాక టింపనీ (గిన్నె ఆకారపు పెద్ద డప్పు) మీద ఒక్క దెబ్బ పడుతుంది, దాంతో స్కెర్జో లేస్తుంది. గట్టి పుల్లలైతే దెబ్బ మొన తేలుతుంది, మెత్తవైతే గుమ్మని చుట్టూ పరుచుకుంటుంది. గది మరీ మోగేదైతే ఆ మోత కిందే తీగవాద్యాల మొదటి స్వరాలు కొట్టుకుపోతాయి. ఇంజినీరు చప్పుళ్ల ఎత్తుపల్లాలు చదును చేశాడా, ఉలికిపాటే ఉండదు. వినేవాడి చెయ్యి వాల్యూమ్ దగ్గరికి వెళ్లబోయిందంటే రికార్డింగ్ బాగున్నట్టే.

మీరు దాచే సంగతులు ఇంకా ఉన్నాయి. ఆ కాలపు సింఫనీల్లో మొదటి భాగం ఎక్స్‌పొజిషన్‌కి (ముఖ్య స్వరాంశాలు పరిచయమయ్యే తొలి ఘట్టానికి) రిపీట్, అంటే మళ్లీ వాయించమనే గుర్తు ఉంటే, పాటించినవాడికి రెండు మూడు నిమిషాలు అదనం. వేగం మారనక్కర్లేదు. ఇక, ఏ స్వరప్రతి చూసి వాయించారో తెలియకపోయినా పోలికే తప్పు. కండక్టర్ మార్కెవిచ్ బెర్లిన్ ఫిల్హార్మోనిక్ వాద్యబృందంతో సాంగ్యులియేర్ వాయించింది 1955లో. బ్లూమ్‌స్టెట్ పరిష్కరించిన సాంగ్యులియేర్ ప్రతి 1967 నాటిది, అంటే మార్కెవిచ్ చేతిలో ఉన్నది వేరే ప్రతి. ఆయన మరో సింఫనీ ‘కప్రిసియూజ్’ మరీ చిక్కు: సాపు ప్రతి పోయింది, మిగిలిన చిత్తు ప్రతి నుంచి ఎల్బెర్గ్ ఒకసారి, కాస్టెగ్రెన్ మరోసారి వాద్యబృందానికి అమర్చారు. రెండు అమరికల మధ్య పోటీ పెట్టి కండక్టర్లకు మార్కులేస్తే ఎలా?

అందుకని ఓ మనవి. కండక్టర్ యార్వి గోథెన్‌బర్గ్ బృందంతో చేసిన రికార్డింగు, ఎర్లింగ్ మాల్మో బృందంతో చేసిన రికార్డింగు పక్కపక్కన పెట్టినప్పుడు మీరు కాసేపు బయట కూర్చోండి. వినేవాళ్లు ముందు రెంటి శబ్దం సమం చేసుకోవాలి. ఒక డెసిబెల్ ఎక్కువున్నదే చెవికి హుషారుగా అనిపిస్తుంది, పాత రికార్డింగుకు మళ్లీ మెరుగుపెట్టిన కొత్త రీమాస్టర్ల మాయ సగం అదే. ఆ తర్వాత టింపనీ దెబ్బకు ముందు ఇరవై సెకన్లు, తర్వాత ఇరవై వినాలి. మొత్తం సింఫనీ వినడం దాని తర్వాతే. మోనో అయినా మార్కెవిచ్ బిగి ముందు చాలా స్టీరియోలు సడలిపోతాయి, మీరేమంటారో గానీ.

అట్ట మీద మీ పక్కన అరంగుళం జాగా ఇస్తే, ఏ ప్రతి వాడారో, రిపీట్ తీసుకున్నారో లేదో అక్కడ అచ్చువేసుకోవచ్చు.

ఇట్లు,
చెవులతో వినేవాళ్లు