పందికొక్కుకున్న చరిత్ర

ఆస్ట్రేలియా పల్లెల్లో ‘బాండికూటింగ్’ అనే మాట ఒకటి ఉంది. పరాయివాడి ఆలుగడ్డ చేలో చొరబడి, మొక్క కదలకుండా పక్కనుంచి మట్టి తవ్వి, దుంపలు మాత్రం లాగేసుకోవడం. పైన ఆకులు పచ్చగానే ఉంటాయి కాబట్టి రైతుకు వెంటనే అనుమానం రాదు. ఇంగ్లిష్ వచ్చినవాళ్ళలోనూ చాలామందికి తెలియని మాట ఇది. దాని మూలం మాత్రం తెలుగే: మన పందికొక్కే అక్కడ బాండికూట్ అయింది.

18వ శతాబ్దిలో మన తీరం నుంచి ఇంగ్లిష్‌లోకి చేరిన ఈ పేరు, ఆ శతాబ్ది చివరికల్లా ఆస్ట్రేలియాకూ వెళ్ళింది. పొడుగు మూతితో నేల తవ్వే అక్కడి జంతువుకు వలసవచ్చినవాళ్ళు దాన్ని తగిలించేశారు. రెండింటికీ చుట్టరికమేమీ లేదు. మనది ఎలుక జాతి. అక్కడిది కంగారూలాగా పిల్లల్ని సంచిలో మోస్తుంది. తవ్వేటప్పుడు మట్టి పడకుండా ఆ సంచి నోరు వెనక్కి తిరిగి ఉంటుంది. ఆస్ట్రేలియన్లు కటిక పేదవాణ్ని బాండికూట్‌తో పోల్చేవారు. మనం ప్రజల సొమ్ము మేసేవాణ్ని పందికొక్కు అంటాం. వరి గట్లకు బొరియలు చేసి కంకులు దాచుకునే జీవిని చూసినవాళ్ళెవరైనా మన పోలికకే ఓటేస్తారు.

ఈ ప్రయాణమంతా ఇంగ్లిష్‌వాళ్ళు రాసి పెట్టుకోబట్టే తెలుస్తోంది. భారతదేశం నుంచి ఇంగ్లిష్‌లోకి చేరిన మాటల నిఘంటువు, 1886 నాటి హాబ్సన్-జాబ్సన్, ఈ మాట తెలుగుదేనని నమోదు చేసింది. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు కోసం మామూలు పాఠకులు ఒక్కో చీటీ మీద మాట, అది వచ్చిన వాక్యం, పుస్తకం, సంవత్సరం రాసి పంపేవారు. 1884లో తొలి భాగం వెలువడితే, పూర్తయ్యేసరికి 1928 వచ్చింది.

మనకు 1852 నాటి బ్రౌన్ నిఘంటువుంది. కావ్య ప్రయోగాలు చూపే సూర్యరాయాంధ్ర నిఘంటువుంది. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి రైతుల నోట విని కూర్పించిన వ్యవసాయ వృత్తి పదకోశం 1962లోనే వచ్చింది. ఏ మాట ఏ ఏట తొలిసారి కనిపించిందో, దాని అర్థం ఎప్పుడెలా మారిందో ఆధారాలతో చెప్పే సమగ్ర చారిత్రక నిఘంటువు మాత్రం ఇంకా లేదు. తొలి తెలుగు శాసనమనే క్రీ.శ. 575 నాటి కలమళ్ళ శాసనం నుంచి నేటి పత్రికల దాకా సామగ్రికి కొదవ లేదు. ఏటా భాషా దినోత్సవ వేదికలకు పెట్టే ఖర్చులో కొంతైనా రెండు రాష్ట్రాల ప్రభుత్వాలు ఈ పనికి మళ్ళించాలి. విశ్వవిద్యాలయాల తెలుగు శాఖల్లో దీనికోసమే పూర్తికాలపు సంపాదకులను నియమించాలి. ఒక ప్రభుత్వం మారితే పదవి పోయే కమిటీలతో అయ్యే పని కాదిది.