ఆ 25వ వేరియేషన్ ఒక్కసారి వినండి

పియానిస్ట్ గ్లెన్ గూల్డ్ 1955లో రికార్డ్ చేసిన బాఖ్ గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్‌ని (ఒక పాట, దాన్ని ముప్పై రకాలుగా మార్చి అల్లిన వేరియేషన్లు) ఒక వ్యాసంలో ‘కుర్రతనపు దూకుడు’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. చాలా బాధనిపించింది. అప్పటికి ఆయనకు 22 ఏళ్లే, నిజమే. ఆ రికార్డు 38 నిమిషాలు. అదే న్యూయార్క్ స్టూడియోలో 1981లో మళ్లీ వాయిస్తే 51 నిమిషాలు. కానీ ఆ తేడా అంతా వేగానిది కాదు. 1955లో ఏ భాగాన్నీ తిరిగి వాయించలేదు, 1981లో కొన్నిటిని రెండేసి సార్లు వాయించారు.

అసలు విషాదంగా వినిపించే జి మైనర్ స్వరాల్లో ఉన్న 25వ వేరియేషన్ చూడండి. కుర్రాడు దాదాపు ఆరున్నర నిమిషాలు తీసుకున్నాడు. నలభై ఎనిమిదేళ్ల గూల్డ్ ఆరు నిమిషాల్లో ముగించారు! దూకుడుగా వాయించే మనిషి అక్కడ అంతసేపు ఆగుతాడా?

మూడో వేరియేషన్ కూడా హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. పియానో మీద ఒక గొంతు (ఒక స్వరాల వరస) మొదలైన ఒక బార్ (తాళంలో ఒక ఆవర్తం) తర్వాత రెండోది అదే స్వరాల్లో అదే పాట అందుకుంటుంది, కింద ఎడమ చెయ్యి తన దారిన నడుస్తుంటుంది. అది మోనో రికార్డింగ్, కుడి ఎడమల తేడా లేదు. అయినా మూడూ విడివిడిగా వినిపిస్తాయి. మధ్యలో ఆయన కూనిరాగం కూడా. నాకైతే అదీ ప్రాణమే.