గంజాయికీ ఒక లాటరీ

గంజాయిని చట్టబద్ధం చేసేస్తే మాఫియా పస్తులుండి చస్తుందట. శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలో టీ తాగే మేధావులు ఈ మాట అననిదే గ్లాసు కింద పెట్టడం లేదు. వెంటనే అమెరికా పాఠం మొదలవుతుంది. అక్కడ 1920 నుంచి 1933 దాకా మద్యం నిషేధించారు, అల్ కపోన్ అనే దొంగసారా ముఠా నాయకుడు బలిశాడు, నిషేధం ఎత్తేశారు, కథ కంచికి.

అంత దూరం ఎందుకు? 1995లో మన దగ్గరా సంపూర్ణ నిషేధం వచ్చింది. ఒడిశా పక్కనే కనుక సరుకు సరిహద్దు దాటి దిగేది. 1997లో సడలించారు. అప్పుడు సరుకు దించిన పెద్దమనుషులు కమండలాలు పట్టుకుని హిమాలయాలకు వెళ్లిన దాఖలాలు లేవు. 2011 డిసెంబరులో మద్యం సిండికేట్ల మీద ఏసీబీ దాడులు చేస్తే ఎవరికి ఎంత మామూలో రాసుకున్న లెక్కలు బయటపడ్డాయి. అంతా లైసెన్సు ఉన్న వ్యాపారమే సుమండీ.

అయినా మేధావుల మాటే నెగ్గనిద్దాం. ప్రభుత్వం దగ్గర నమూనా సిద్ధంగానే ఉంది. 2024 అక్టోబరులో 3,396 మద్యం దుకాణాలకు లాటరీ పెడితే దాదాపు 90 వేల దరఖాస్తులు వచ్చాయి. ఒక్కోదానికి తిరిగివ్వని రుసుము 2 లక్షలు, మొత్తం సుమారు 1,800 కోట్లు. ఇక గంజాయి లాటరీ చూడండి. కలెక్టరేట్‌లో చీటీ తగిలినవాడు మెట్లు దిగేలోపే గేటు దగ్గర తెల్ల కారు అద్దం దిగుతుంది. "తమ్ముడూ, లైసెన్సు నీ పేరు మీదే ఉంచుకో. దుకాణం మేం చూసుకుంటాం." మంచి ముహూర్తాన కొబ్బరికాయ కొడతారు. లక్ష్మీదేవి పటం కింద ధరల పట్టిక వేలాడుతుంది. బొడ్డవర చెక్‌పోస్టులో లారీ ఆపితే పైన పన్ను కట్టిన బస్తాలు, అడుగున కట్టనివి. మట్కాకు సచివాలయంలో కౌంటరు. కిరాయి రౌడీలకు జీఎస్టీ: బెదిరిస్తే ఐదు శాతం, చేయి విరిస్తే పద్దెనిమిది. కాలు కూడా విరవాలంటే విడిగా రసీదు. మార్చి నెలలో లక్ష్యం చేరలేదని ఇన్‌స్పెక్టరే రౌడీలను మందలిస్తాడు.

ఇందులో నాకు నవ్వు రానిది ఒక్కటే, బెల్టు దుకాణం. ఊళ్లో కిరాణా కొట్టు, బిస్కెట్ల డబ్బాల వెనుక ఫ్రిజ్, అందులో క్వార్టర్ సీసాలు. బడిపిల్లల పాత నోటు పుస్తకం కాగితంలో చుట్టి ఇస్తారు, ఎమ్మార్పీ మీద ఇరవై రూపాయలు అదనం. ఉపాధి కూలి డబ్బు పడిన రోజు ఆ కొట్టు ముందు భార్య నిలబడి ఉంటుంది, మొగుడు వెనుక నుంచి వెళతాడు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టు మూయించారని సభల్లో చప్పట్లు కొట్టే నాయకులకు ఈమె కనిపించదు. ఉద్దానంలో కిడ్నీలు పాడై మనుషులు రాలిపోతుంటే హిరమండలం నీళ్ల పథకం ప్రారంభం కావడానికి 2023 డిసెంబరు రావలసి వచ్చింది. సీసా మాత్రం ఏ ప్రభుత్వంలోనూ ఒక్క పూట ఆలస్యం కాలేదు! చట్టబద్ధమైన సరుకే, లైసెన్సు దుకాణం నుంచి మోటార్ సైకిల్ మీద పట్టపగలే వస్తుంది. దీన్ని ఆపడం చేతకానివాళ్లు గంజాయిని అదుపు చేస్తారా? సిగ్గుండాలి.

బెల్టు దుకాణాలకు సరుకు పంపితే 5 లక్షల జరిమానా అన్నారు కదా. మా మండలంలో ఒక్కరి దగ్గర వసూలు చేసిన రసీదు చూపించండి. గంజాయి లాటరీకి మొదటి దరఖాస్తు నేనే పెడతాను.