వాగ్దానం కార్డుతో కడుపు నిండదు

జనవరి ఒకటిన ఫోన్ తెరిస్తే స్టేటస్‌ల నిండా వాగ్దానాలే. సూర్యోదయం బొమ్మ, దాని మీద బంగారు రంగు అక్షరాలు, కింద "నమ్మితే ఆమేన్ అని టైప్ చేయండి". మా వైపు సంఘాల్లో డిసెంబరు 31 రాత్రి ఆరాధనకి వచ్చినవాళ్లలో సగంమంది చూపు ప్రసంగం మీద ఉండదు, పన్నెండు దాటాక బయటికొచ్చే స్టీలు పళ్లెం మీద ఉంటుంది. అందులో చుట్టి పెట్టిన వాగ్దానం కార్డులు, ఒక్కోదాని మీద కొత్త ఏడాదికని ఒక బైబిల్ వచనం. కళ్లు మూసుకుని ఒకటి తీసుకోవాలి. ఈసారి వరుసలో నా ముందున్న అన్నయ్య కార్డు విప్పి చూసి మొహం చిన్నబుచ్చుకున్నాడు. "పాస్టరుగారూ, ఇది వాగ్దానంలా లేదండీ, ఇంకోటి తీసుకోవచ్చా?" ఆయనకి వచ్చింది "మెలకువగా ఉండి ప్రార్థన చేయుడి" అన్న మాట. పాస్టరుగారు నవ్వి సరేనన్నారు. రెండోసారి "నిన్ను తలగా నియమించునుగాని తోకగా నియమింపడు" వచ్చింది. అక్కడికక్కడే ఫొటో తీసి స్టేటస్ పెట్టేశాడు.

ఆ తల, తోక మాట ద్వితీయోపదేశకాండం 28వ అధ్యాయంలోది. ఆ అధ్యాయంలో 68 వచనాలున్నాయి. మొదటి 14 దీవెనలు, మిగతా 54 శాపాలు. దేవుని ఆజ్ఞలు వింటేనే అన్న షరతు ఆ 13వ వచనంలోనే ఉంది, కార్డు మీద దానికి చోటు సరిపోదు కాబోలు. ఇంకాస్త కిందికి, 44వ వచనానికి వెళ్తే పరదేశి తల అవుతాడు, నువ్వు తోక అవుతావు అని అదే అధ్యాయం చెబుతుంది. దాన్ని స్టేటస్ పెట్టినవాళ్లని నేనింతవరకు చూడలేదు.

చీటీ తీయడమే పాపమని నేననను. జర్మనీలోని హెర్న్‌హూట్‌లో మొరావియన్ అనే ప్రొటెస్టెంట్ శాఖ విశ్వాసులు 1728 నుంచి రోజుకో వచనం పెట్టుకోవడం మొదలుపెట్టారు, 1731 సంవత్సరానికి దాన్ని పుస్తకంగా అచ్చేశారు. అది ఈనాటికీ ఏటా వస్తోంది, అందులో పాత నిబంధన వచనాలని చీటీ తీసే ఎంచుతారు. అయితే ఆ వచనానికి తోడుగా కొత్త నిబంధన నుంచి ఇంకో మాట వెతికి పెడతారు, ఒక ప్రార్థన కూడా ఉంటుంది. చీటీ దగ్గర మొదలై బైబిల్లోకి నడుస్తారు. మనం చీటీ దగ్గరే ఆగి, దాన్ని ఫ్రిజ్‌కి అంటించి, ఏడాది గడిపేస్తున్నాం. అసలు బైబిల్‌కి అధ్యాయాల విభజన వచ్చిందే 13వ శతాబ్దంలో. కొత్త నిబంధనకి ఇప్పుడున్న వచనాల అంకెలు వేసింది 1551లో రొబెర్ ఎస్టియెన్ అనే ముద్రాపకుడు. అంతకుముందు పౌలు రాసిన పత్రిక, అంటే ఉత్తరం, వచ్చిందంటే సంఘమంతా కూర్చుని మొదటి నుంచి చివరిదాకా వినడమే.

ఇక అందరికీ ఇష్టమైన యిర్మీయా 29:11. "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు." వీసా ఇంటర్వ్యూకి ఇదే, ఐఐటీ ర్యాంకుకి ఇదే, పెళ్లి సంబంధానికీ ఇదే. ఇది యిర్మీయా ప్రవక్త ఎవరికి రాసిన ఉత్తరం? యెరూషలేము నుంచి బబులోనుకి చెరపట్టుకుపోయినవాళ్లకి. ఒక్క వచనం వెనక్కి వెళ్లండి, 70 ఏళ్లు పడుతుందని ఉంది. అంటే ఆ ఉత్తరం విన్న నడివయసువాళ్లెవరూ ఇంటికి తిరిగి వెళ్లరు. ఇంకొంచెం వెనక్కి వెళ్తే ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, మిమ్మల్ని చెరపట్టిన ఆ పట్టణం క్షేమం కోసమే ప్రార్థించండి అని ఉంది. శత్రువు ఊరి కోసం ప్రార్థించాలట!

దాని ముందు అధ్యాయం చదివితే అసలు విషయం తెలుస్తుంది. హనన్యా అని ఒక ప్రవక్త ఉన్నాడు. రెండేళ్లలో అంతా సర్దుకుంటుంది, మందిరపు ఉపకరణాలు వెనక్కొస్తాయి, చెరలో ఉన్నవాళ్లూ వస్తారు అని జనం ముందు ప్రకటించాడు. యిర్మీయా అప్పుడు బబులోనుకి లొంగి ఉండాలనడానికి గుర్తుగా మెడ మీద కాడి మోసుకుని తిరుగుతున్నాడు. హనన్యా మాట విని యిర్మీయా మొదట అన్నది, అలాగే జరుగును గాక అని. మనం స్టేటస్ కింద టైప్ చేసే ఆమేన్‌కి అర్థం కూడా అదే. కానీ ఆ తర్వాత, క్షేమం కలుగుతుందని చెప్పే ప్రవక్త మాట నెరవేరినప్పుడే యెహోవా పంపినవాడని తెలుస్తుంది అని కూడా అన్నాడు. హనన్యా ఆ కాడి తీసి విరగ్గొట్టాడు. చప్పట్లు ఎవరికి పడి ఉంటాయో చెప్పక్కర్లేదు. నాకైతే ఇప్పుడొచ్చే "ఈ నెలలోనే నీ అద్భుతం" పోస్టర్లు చూసినప్పుడల్లా హనన్యాయే గుర్తొస్తాడు. చిత్రమేమిటంటే ఆ పోస్టర్ల మీద వేసేది యిర్మీయా వచనం.

ఇదంతా ఎందుకు ఇంత కోపంగా రాస్తున్నానంటే, మా నాన్నగారికి పక్షవాతం వచ్చి మంచం పట్టాక ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ ఒక వచనం చేతిలో పెట్టి వెళ్లారు. ఫ్రేములు, క్యాలెండర్లు, స్టిక్కర్లు. "మేలుకలుగుటకై సమస్తమును సమకూడి జరుగుచున్నవి" అన్నవాళ్లు కొందరు. ఒకావిడైతే మంచం పక్కనే నిలబడి, "మీ విశ్వాసంలో ఎక్కడో లోటుందమ్మా, లేకపోతే ఈపాటికి లేచి నడిచేవారు" అంది. నాన్న కుడిచేయి కదలదు కానీ చెవులు బాగానే వినిపిస్తాయి. పుండు మీద కారం చల్లడం అంటే అది. ఆ రోజుల్లో పక్క గుడ్డలు మార్చడం, ఫిజియోథెరపీ, మళ్లీ ఆఫీసు. మోకరిస్తే నిద్రే వచ్చేది, మాట వచ్చేది కాదు.

అలాంటప్పుడు నన్ను నిలబెట్టింది ఏ కార్డు మీదా అచ్చు వేయని 88వ కీర్తన. చాలా కీర్తనలు ఏడుపుతో మొదలైనా చివరికి స్తోత్రంలోకి తిరుగుతాయి. ఇది తిరగదు. రాత్రింబగళ్లు మొరపెడుతున్నాను అంటూ మొదలై, "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ఆగిపోతుంది. అయినా దాన్ని తీసేయకుండా, సర్దకుండా, ఆరాధనలో పాడుకునే 150 కీర్తనల్లో ఉంచారు. కీర్తనల్లో మూడో వంతుకి పైగా ఇలాంటి మొరలే. అది చదివాక ఆ రాత్రి ప్రార్థనలో మొదటిసారి ఉన్నమాట చెప్పాను: ప్రభువా, అలసిపోయాను, నీ మీద కోపంగా ఉంది. పిడుగేమీ పడలేదు. నిద్ర పట్టింది.

ఏలీయా ప్రవక్త కథ కూడా అప్పుడే కొత్తగా కనబడింది. మనవాళ్లు ఏలీయా అంటే కర్మెలు కొండ మీద దిగిన అగ్ని గురించే ప్రసంగిస్తారు. దాని తర్వాతి సంగతి మొదటి రాజులు 19లో ఉంది. రాణి యెజెబెలు బెదిరింపుకి పారిపోయి, అరణ్యంలో బదరీ చెట్టు కింద కూలబడి, "నా ప్రాణము తీసికొనుము" అన్నాడు. దేవదూత వచ్చి విశ్వాసం గురించి క్లాసు పీకలేదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, బుడ్డిలో నీళ్లు పెట్టి, లేచి తిను అన్నాడు. తిని మళ్లీ పడుకున్నాడు. మళ్లీ లేపి మళ్లీ తినమన్నాడు, ప్రయాణం నీ శక్తికి మించినది అని. హోరేబు కొండ మీద గాలి, భూకంపం, అగ్ని అయ్యాక వినిపించిన నిమ్మళమైన స్వరం ఆ తర్వాత సంగతి. ముందు తిండి, నిద్ర. మా సంఘంలో రాత్రింబగళ్లు రోగిని చూసుకునే ఆడవాళ్లని ఉపవాస ప్రార్థనకి ఎందుకు రాలేదని అడిగేవాళ్లు ఈ అధ్యాయం ఒకసారి చదివితే బాగుండు. వాళ్లింటికి ఒక క్యారేజీ పట్టుకెళ్తే ఇంకా బాగుండు.

నేను చదివే పద్ధతి పెద్దదేమీ కాదు. ఒక అధ్యాయమో కీర్తనో తీసుకుని పైకి వినబడేలా నెమ్మదిగా చదువుతాను. ఇంకోసారి చదువుతాను. ఎక్కడ గొంతు ఆగిందో, ఎక్కడ చిరాకు పుట్టిందో అక్కడ ఉండిపోతాను. ముఖ్యంగా చిరాకు పుట్టిన చోట. ఆ మాటనే పట్టుకుని ప్రార్థిస్తాను, తర్వాత కాసేపు ఊరుకుంటాను. పన్నెండో శతాబ్దంలో గ్విగో అనే సన్యాసి పఠనం, ధ్యానం, ప్రార్థన, మౌనంగా దేవుని సన్నిధిలో నిలవడం అని నాలుగు మెట్లుగా రాసింది ఇంచుమించు ఇదే. నీ గదిలోకి వెళ్లి తలుపు వేసుకో అన్నాడు యేసు. రెండు గదుల ఇంట్లో, అత్తయ్యగారి సీరియలు ఒక పక్క, కుక్కరు విజిల్ ఒక పక్క ఉంటే ఏ తలుపు వేసుకోవాలి? నేను డాబా మీద నీళ్ల ట్యాంకు పక్కన కూర్చుంటాను. కింద మోటారు మోగుతూనే ఉంటుంది.

దీనివల్ల నాన్న లేచి నడవలేదు. నాలో మారింది చిన్న విషయం. ఆయనకి అన్నం తినిపించేటప్పుడు గడియారం చూడటం తగ్గింది. ఆయన తడబడుతూ చెప్పే మాట నేనే పూర్తి చేసేయకుండా ఆగగలుగుతున్నాను. యెషయా 40లో, దేవుని కోసం ఎదురుచూసేవాళ్లు నూతన బలం పొందుతారనే పక్షిరాజు రెక్కల వచనం మనందరికీ కంఠతా వచ్చు. అందులో ఎగరడం ముందు, పరుగు తర్వాత, సొమ్మసిల్లక నడవడం ఆఖరున ఉన్నాయి. నాకు దొరికిన నూతన బలం ఆ ఆఖరుదే. అది తక్కువదని ఎవరైనా అంటే ఒప్పుకోను.

ఇలాంటి కీర్తనలు చదివితే నెగటివ్ ఒప్పుకోలు అవుతుంది, నోటితో ఓటమి పలకకూడదు అని మా గృహ కూటంలో ఒకరిద్దరు అభ్యంతరం చెప్పారు. వాళ్లకి నేను చెప్పిన జవాబు ఒక్కటే. సిలువ మీద యేసు పలికింది 22వ కీర్తన మొదటి మాట. "నా దేవా, నా దేవా, నీవు నన్నేల విడనాడితివి." దాన్ని కూడా దిద్దుతామా? వాళ్లింకా ఏమీ అనలేదు. వచ్చే వారం 13వ కీర్తన పెట్టుకున్నాం. "ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" అని మొదలవుతుంది, మొత్తం ఆరు వచనాలే. పొయ్యి మీద టీ పొంగేలోపు రెండుసార్లు చదవొచ్చు.