క్లియరెన్స్ తెచ్చే జీతం దేనికి?

అమెరికా ఐటీ రంగంలో సెక్యూరిటీ క్లియరెన్స్, అంటే రహస్య సమాచారం చూసేందుకు ప్రభుత్వం ఇచ్చే అనుమతి, ఉన్నవాళ్లకు మంచి జీతాలు వస్తాయన్న మాట నిజమే. ఆ ఎక్కువ మొత్తం దేనికి వస్తోందన్నదే చాలామంది ఆలోచించరు. నా లెక్కలో అది ప్రతిభకు కాదు, కొరతకు.

రక్షణ శాఖకో నిఘా సంస్థకో రహస్య పనులు చేసిపెట్టే కంపెనీ, క్లియరెన్స్ లేని మనిషిని ఆ సీట్లో కూర్చోబెట్టలేదు. హెచ్‌1బీ మీద వచ్చినవాళ్లకూ గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకూ క్లియరెన్స్ ఇవ్వరు. పనిని విదేశాలకు పంపే వీలూ లేదు. పౌరుల్లోంచే వెతుక్కోవాలి. కొత్తవాళ్లకు దర్యాప్తు మొదలుపెడితే నెలలు గడిచిపోతాయి. అదే టాప్ సీక్రెట్ స్థాయి క్లియరెన్స్ చేతిలో ఉన్న సిస్టమ్ అడ్మిన్ దొరికితే వెంటనే పనిలో పెట్టి ప్రభుత్వానికి బిల్లు వేయొచ్చు. కంపెనీ డబ్బు పెడుతున్నది అలా ఆదా అయిన నెలల మీదే.

క్లియరెన్స్‌ను సొంతంగా తెచ్చుకోలేం. కంపెనీయో ప్రభుత్వ శాఖో స్పాన్సర్ చేయాలి. దర్యాప్తు ఖర్చు ప్రభుత్వానిదే. ఫీజు కడితే ఇప్పిస్తామని ఎవరైనా అంటే దయచేసి నమ్మకండి.

క్లియరెన్స్ దర్యాప్తు కోసం నింపే ఎస్‌ఎఫ్-86 ఫారం ముందు కూర్చున్నాక అసలు సంగతి తెలుస్తుంది. గత 10 ఏళ్లలో ఉన్న ప్రతి ఇంటి చిరునామా నెలలతో సహా, మధ్యలో ఖాళీ లేకుండా రాయాలి. ఉద్యోగాలూ అంతే, పని లేకుండా ఉన్న కాలంతో కలిపి. తల్లిదండ్రులు, తోబుట్టువులు, అత్తమామలు ఏ దేశ పౌరులో చెప్పాలి. విదేశాల్లో ఉన్న స్థలం, బ్యాంకు ఖాతా చూపాలి. మనవాళ్లకు ఇక్కడే భయం పట్టుకుంటుంది. ఇండియాలో అమ్మానాన్న ఉన్నారని, పొలంలో వాటా ఉందని రాస్తే క్లియరెన్స్ రాదేమోనని దాచాలనిపిస్తుంది. అంతకు మించిన తప్పు లేదు. అర్హత తేల్చడానికి 13 మార్గదర్శకాలు ఉన్నాయి. విదేశీ బంధుత్వాలు అందులో ఒకటి మాత్రమే, దానికి సమాధానం చెప్పుకునే అవకాశమూ ఇస్తారు. తెలిసి అబద్ధం రాస్తే మాత్రం అది ఫెడరల్ నేరం, 5 ఏళ్ల వరకు జైలు. కట్టని అప్పులూ దెబ్బతీస్తాయి. రాష్ట్రంలో గంజాయి చట్టబద్ధమే కదా అన్న వాదన కూడా నిలవదు, ఫెడరల్ చట్టం ఒప్పుకోదు కాబట్టి.

క్లియరెన్స్ వచ్చిన తర్వాతి జీవితం గురించి చెప్పేవాళ్లు తక్కువ. రహస్య సమాచారం ఉండే గదుల్లోకి ఫోన్ రానివ్వరు, స్మార్ట్ వాచ్ రానివ్వరు. బయట లాకర్లో పెట్టి వెళ్లాలి. ఇంటి నుంచి పనంటే మర్చిపోవాల్సిందే. రాసిన కోడ్ ఎవరికీ చూపించలేరు, రెజ్యూమేలో వివరంగా చెప్పుకోలేరు. పాత వ్యవస్థల నిర్వహణలోనే ఏళ్లు గడిస్తే బయటి మార్కెట్ మిమ్మల్ని దాటి వెళ్లిపోతుంది. నాకు అన్నిటికంటే ఆందోళన కలిగించేది ఇదే. క్లియరెన్స్ అవసరమైన పని వదిలేశాక రెండేళ్లలోపు మళ్లీ అలాంటి పనిలో చేరకపోతే సాధారణంగా మొదటి నుంచి దర్యాప్తు జరగాలి. అప్పుడు చేతిలో క్లియరెన్సూ ఉండదు, కొత్త నైపుణ్యమూ ఉండదు.

ఉద్యోగ భద్రత కూడా అనుకున్నంత కాదు. 2025లో నిధులకు ఆమోదం లేక ఫెడరల్ ప్రభుత్వం 43 రోజులు మూతపడింది. అలాంటప్పుడు ఆగిన జీతం ప్రభుత్వ ఉద్యోగులకు తర్వాత ఇవ్వాలని 2019 చట్టం చెబుతోంది, కాంట్రాక్టు కంపెనీల్లో పనిచేసేవాళ్లకు ఆ హామీ లేదు. కాంట్రాక్టు చేతులు మారితే అదే కుర్చీలో అదే మనిషి కొత్త కంపెనీ బ్యాడ్జితో, ఒక్కోసారి తక్కువ జీతానికి, కూర్చోవడం ఈ రంగంలో మామూలే.

ఇంత చెప్పినా, పౌరసత్వం ఉండి స్పాన్సర్ చేసే ఆఫర్ వస్తే వదులుకోవద్దనే అంటాను. చేరేముందు మాత్రం జీతంతోపాటు రెండు సంగతులు గట్టిగా అడగండి: కాంట్రాక్టు గడువు ఎప్పుడు తీరుతుంది, రోజూ చేతులు పెట్టాల్సిన టెక్నాలజీ ఏది.