జెమ్ మైనింగ్ బకెట్ గారికి బహిరంగ లేఖ

అమెరికా హైవేల పక్కన, చెక్క కాలువ ముందు వరసగా కొలువుదీరి ఉండే మట్టి బకెట్ గారికి,

నమస్కారం. లాంగ్ డ్రైవ్‌లో వెనక సీట్లోంచి "ఇంకా ఎంత దూరం" అనే పాట మొదలయ్యే సమయానికి సరిగ్గా మీ బోర్డు ఎలా ప్రత్యక్షమవుతుందో నాకు అంతుపట్టదు. రత్నాలు తవ్వుకోండి, దొరకడం గ్యారంటీ అట! తవ్వడమంటే మట్టి బకెట్ కొనుక్కుని, కాలువ నీళ్లలో కడిగి రాళ్లు ఏరుకోవడమే. ఆ గ్యారంటీ దగ్గరే నాకు మీతో పేచీ. గనికి గ్యారంటీ ఏమిటండీ? పైగా మీలో సైజులు కూడానూ. చిన్న బకెట్, పెద్ద బకెట్, ఫ్యామిలీ బకెట్, ఎంత పెద్దది కొంటే అంత అదృష్టం. జాతకాలు చెప్పేవాళ్లు కూడా ఇంత సూటిగా రేట్ కార్డు పెట్టలేదు.

సరే, మట్టిని జల్లెడలో పోసి, పారే నీళ్లలో ముంచి ఆడించాం. చన్నీళ్లకు వేళ్లు కొంకర్లు పోతున్నా పట్టించుకోలేదు. మట్టి కరిగి, ఇసుక జారిపోయి, ఊదారంగు అమెథిస్ట్ ముక్క ఒకటి తేలింది. పిల్లలు ఎగిరి గంతేశారు. నేను తీసుకుని తడిమి చూశాను. అంచులు కోసుకునేంత పదునుగా ఉన్నాయి! ఏటి కంకరలో దొర్లి వచ్చిన రాయికి మూలలు అరిగి నున్నబడతాయి, ఇది మాత్రం మొన్ననే సుత్తి దెబ్బ తిన్నట్టు కొత్తగా మెరుస్తోంది. తర్వాత నారింజ రంగు సిట్రిన్ (బజార్లో సిట్రిన్ పేరుతో అమ్మేదాంట్లో చాలావరకు కాల్చిన అమెథిస్టే, అది వేరే కథ), ఆ తర్వాత రోజ్ క్వార్ట్జ్, ఆకుపచ్చ అవెంచురిన్. గోడ మీది రంగుల చార్టు ప్రకారం మాకు నాలుగు రకాల రత్నాలు దొరికాయి. నిజానికి నాలుగూ క్వార్ట్జ్ అనే ఒకే ఖనిజం. జల్లెడలోంచి మేం పారబోసిన ఇసుకలో ఎక్కువగా ఉండేదీ అదే.

కొండను తవ్వి ఎలుకను పట్టినవాళ్ల గురించి విన్నాం గానీ, ఎలుకను ముందే మట్టిలో పెట్టి, పట్టుకున్నందుకు చప్పట్లు కొట్టడం మీ దగ్గరే చూశాం. అదీ ఎక్కడి ఎలుక? బ్రెజిల్‌దో, మడగాస్కర్‌దో, ఒక్కోసారి ఇండియాదే. మన దేశపు రాయిని ఓడెక్కించి, ఇక్కడి మట్టిలో పూడ్చి, మనచేతే కడిగించడం మామూలు తెలివి కాదు. కడిగాక అసలు బేరం మొదలవుతుంది. రాయి మీదే సార్, సానబెట్టి లాకెట్ చేసి ఇమ్మంటారా? ఆ చార్జీ ముందు బకెట్ ఖరీదు ఏ మూలకు!

మీ వంశం పాతదేలెండి. 1870ల మొదట్లో ఫిలిప్ ఆర్నాల్డ్, జాన్ స్లాక్ అనే ఇద్దరు కొలరాడోలో ఓ మారుమూల నేల మీద కొనుక్కొచ్చిన వజ్రాలు, కెంపులు చల్లి, వజ్రాల గని దొరికిందని బడాబాబుల్ని నమ్మించారు. నగల వ్యాపారి చార్లెస్ టిఫనీ అంతటివాడు ఆ రాళ్లు చూసి బోలెడు విలువ కట్టాడు. చివరికి క్లారెన్స్ కింగ్ అనే జియాలజిస్ట్ వెళ్లి గుట్టు రట్టు చేశాడు. వాళ్లను మోసగాళ్లన్నారు, మీది మాత్రం ఫ్యామిలీ ఫన్. కనీసం వాళ్లు చల్లడానికి అంత దూరం వెళ్లారు పాపం.

రాళ్ల వేట అంతా ఇంతే అనుకోవడానికీ లేదు, అదే నా బాధ. నార్త్ కరోలినాలో ఫ్రాంక్లిన్ దగ్గర కవీ లోయ మట్టిలో కెంపులు, నీలాలు సహజంగానే ఉన్నాయి. ఆర్కాన్సాలో క్రేటర్ ఆఫ్ డైమండ్స్ అని స్టేట్ పార్కే ఉంది. 37 ఎకరాల దున్నిన పొలం, టికెట్ కొని దిగితే దొరికింది మీదే. 1924లో 40.23 క్యారెట్ల 'అంకుల్ శామ్' వజ్రం దొరికింది అక్కడే. వాన పడ్డాక వెళితే మేలంటారు, వజ్రానికి మట్టి అంటుకోదు కాబట్టి ఎండలో తళుక్కుమంటుంది. అయినా వచ్చినవాళ్లలో ఎక్కువమంది బురద బూట్లతో, ఖాళీ చేతులతో ఇంటికెళతారు. దొరికినా మామూలుగా అగ్గిపుల్ల తలంత. కానీ అది దొరికినవాడికి తెలుసు, దాన్ని ఎవరూ తెచ్చి అక్కడ పెట్టలేదని. ఆ కిక్కు మీ ఫ్యామిలీ సైజులో ఎంత వెతికినా ఉండదు.

కాబట్టి ఒక చిన్న మనవి. మీ వరసలో చివరన ఇంకో బకెట్ పెట్టించండి. అక్కడి నేల మట్టే, పైనుంచి ఏమీ కలపకుండా. దొరక్కపోతే పిల్లలు కాసేపు మొహం మాడ్చుకుంటారు, మాడ్చుకోనివ్వండి, కొంపలేం మునగవు. దానికి రేటు ఎక్కువ పెట్టినా ఇచ్చుకుంటాను.

ఇట్లు,
జల్లెడ పట్టీ పట్టీ నడుం పట్టేసిన ఒక కస్టమర్